గోలీ కరిగేదాకా

మందు ఇచ్చే బండి ఒకచోట ఆగి మందు ఇవ్వడం తప్పని ఎస్తేరమ్మ సిస్టరుకు ఉద్యోగంలో చేరిన ముప్ఫయ్యో ఏట తెలిసింది. అంతకుముందు ఆమె చాలానే నేర్చుకుంది. చలిజ్వరం వచ్చినవాడికి దుప్పటి కప్పాలంటే మూడు సంతకాలు కావాలని నేర్చుకుంది. ఆసుపత్రి ఫ్రిజ్ కాలి బూడిదైనా సరే, దాని ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు రిజిస్టర్లో రాయాలని నేర్చుకుంది. ఈ ఒక్క ముక్క మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు, పాపం.

గుండ్లమిట్ట అడ్డరోడ్డు దగ్గర ఒక లారీ స్టాండు ఉంది. అటు పక్క గ్రానైట్ క్వారీలు, ఇటు పక్క హైవే. రాళ్ళు మోసేవాళ్ళకు నడుములు విరుగుతాయి, రాళ్ళు తోలేవాళ్ళకు నిద్ర కరువవుతుంది. ఇద్దరికీ కలిపి మాలకొండయ్య కిళ్ళీ బంకులో ఒకే మందు దొరికేది. పాన్ పరాకుల వెనక, అగరొత్తుల డబ్బాలో, డాక్టరు చీటీ లేకుండా అమ్మే నొప్పి గోలీలు. నల్లమందు జాతి సరుకు. మొదట్లో ఆ గోలీ వేసుకుంటే నడుము నొప్పి తగ్గుతుంది. కొన్నాళ్ళకు వేసుకోకపోతే నొప్పి వస్తుంది. ఆ పైన నొప్పి, నిద్ర, ఇల్లు, పెళ్ళాం, అన్నీ గోలీ తర్వాతే.

ఇదంతా చూసి సర్కారువారు ‘ఉపశమన రథం’ అనే బండిని పంపారు. తెల్లటి వ్యాను, పక్కన ఎగిరే పావురం బొమ్మ. లోపల ఎస్తేరమ్మ సిస్టరు, ముందు డ్రైవరు చెంచయ్య. మొదటి ఆరు వారాలు వీళ్ళిద్దరూ చేసిన పని వింటే మీరు నవ్వుతారు. పొద్దున ఆరున్నరకు బండి తెచ్చి లారీ స్టాండు రేకుల షెడ్డు కింద ఆపేవారు. తొమ్మిదిన్నర దాకా అక్కడే ఉండేవారు. అంతే.

వచ్చినవాడి నాలుక కింద సిస్టరు ఒక గోలీ పెట్టేది. మాలకొండయ్య గోలీ మీద మనసు పోనివ్వకుండా, ఒళ్ళు నొప్పులు లేవకుండా రోజంతా కాపు కాసే గోలీ అది. ఒకటే చిక్కు. అది మింగేది కాదు, నాలుక కిందే కరగాలి. పది నిమిషాలు పడుతుంది. ఈలోగా నోరు తెరవకూడదు, మాట్లాడకూడదు, ఉమ్మి మింగకూడదు. పది నిమిషాలయ్యాక సిస్టరు టార్చిలైటు వేసి నాలుక ఎత్తించి చూసి, కార్డు మీద టిక్కు కొట్టేది. చూడకపోతే కొందరు దవడలో దాచుకుని బయట అమ్ముకుంటారు మరి. నలభై ఆరుమంది లారీ స్టాండు మనుషులు, అమ్మనాన్నల్ని కలపకుండా ఒక్క మాట మాట్లాడలేనివాళ్ళు, పది నిమిషాలు నోరు కట్టుకుని బెంచీల మీద కూర్చోవడం చూసి హైవే మీద పోయే బస్సులు కూడా నెమ్మదించేవి.

వాళ్ళలో దస్తగిరి ఒకడు. పదహారు చక్రాల లారీ తోలినవాడు. గోలీల మత్తులో ఒకసారి టోల్‌గేటు గుద్దేశాక ఓనరు స్టీరింగు లాక్కున్నాడు. భార్య పీరాంబీ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఓనరు ఒక మాటన్నాడు: “తొంభై రోజులు తప్పకుండా మందు తీసుకున్నావని సిస్టరమ్మ చేత కాగితం తీసుకురా, తాళం చేతికిస్తా.” పీరాంబీ కూడా అదే మాటంది. కాకపోతే తిట్లు కలిపి అంది. రథం నిబంధన కూడా అలాగే ఉంది. వరుసగా మూడు రోజులు తప్పితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు.

“నలభై ఒకటి,” అన్నాడు దస్తగిరి ఆ పొద్దున, గోలీ కరిగి నోరు తెరవగానే. “ఇంకా నలభై తొమ్మిదే సిస్టరమ్మా.”

“లెక్క నాకు తెలుసులే నాయనా. ఇంటికి పొయ్యి ఏమన్నా తిను,” అంది ఎస్తేరమ్మ.

రోడ్డుకు అవతల బంకులో మాలకొండయ్య ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. మనిషి నెమ్మదస్తుడు. ఎవరినీ రమ్మని పిలవడు, పొమ్మని కసరడు. వానైనా పండగైనా ఆరింటికల్లా బంకు తెరుస్తాడు.

సరిగ్గా ఆ రోజే బండికి నల్ల పెట్టె బిగించారు. సబ్బుబిళ్ళంత ఉంది. బండి ఎక్కడుందో, కదులుతోందో లేదో అది జిల్లా కార్యాలయంలో గోడ మీదున్న పెద్ద తెరకు చెబుతుంది. కదిలితే తెర మీద చుక్క పచ్చగా ఉంటుంది. నాలుగు నిమిషాలు దాటి ఆగితే ఎర్రబడుతుంది. రాష్ట్రంలో ఇరవై ఆరు రథాలుంటే ఇరవై అయిదు చుక్కలు పచ్చగా తిరుగుతున్నాయి. గుండ్లమిట్ట చుక్క ఒక్కటే కురుపులా ఎర్రగా ఉంది.

మర్నాడు జిల్లా కార్యక్రమ సమన్వయాధికారి పరాంకుశం గారు సిస్టరును పిలిపించారు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా పైన ఉదహరించిన విషయమై అనే అడుగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

“ఎస్తేరమ్మ గారూ, క్షేత్రస్థాయిలో గతిశీలత తీవ్రంగా లోపించినట్లు తెరపై ప్రస్ఫుటమవుతున్నది. ఇది రథమా, గుడిసెయా?”

“గోలీ కరగటానికి పది నిమిషాలు పడుద్ది సార్. నలభై ఆరుమంది...”

“కరుగు వేగమును పెంచు దిశగా చర్యలు తీసుకొనండి.”

“అది నా చేతిలో లేదు సార్. నాలికలో ఉంది.”

పరాంకుశం గారు ఆ మాటను నోట్ చేసుకున్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. రథము ఎచ్చటనూ నాలుగు నిమిషములకు మించి నిలువరాదు. దినమునకు నూట ఎనుబది కిలోమీటర్లకు తగ్గిన ఎడల ఆ దినమున సేవలు అందనట్లే పరిగణించబడును.

“అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు,” అన్నాడు చెంచయ్య ఉత్తర్వు మడిచి డ్యాష్‌బోర్డు మీద పెడుతూ. “ఇప్పుడెట్టా సిస్టరమ్మా?”

“ఎట్టా ఏముంది? మనుషుల్ని ఎక్కించుకునే తోలు.”

అలాగే తోలాడు. ఆరుగురిని ఎక్కించుకోవడం, నాలుకల కింద గోలీలు పెట్టడం, హైవే మీద పన్నెండు కిలోమీటర్లు పోయి వెనక్కి తిప్పుకురావడం, దించడం, ఇంకో ఆరుగుర్ని ఎక్కించడం. గుంతలు వచ్చినప్పుడల్లా సిస్టరు “నోరు! నోరు!” అని అరిచేది. ఎనిమిది ట్రిప్పులు అయ్యేసరికి ఎండ నెత్తికెక్కేది. క్వారీలో పేర్లు పిలిచే వేళ దాటిపోయేది. అయినా నలభై ఆరూ అందుతున్నాయి, చుక్క పచ్చగా ఉంది. ఎస్తేరమ్మ ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. కాస్త తొందరపడింది.

తొమ్మిదో రోజున ఇంకో కాగితం వచ్చింది. ‘ఒకే మార్గమున పదే పదే తిరుగుట గమనము కాదు, భ్రమణము. భ్రమణము గతిశీలతగా పరిగణింపబడదు. ఒక పర్యాయము స్పృశించిన ప్రదేశమును పదునొకండు దినముల వరకు మరల స్పృశింపరాదు.’

సిస్టరు ఈసారి పిలవకుండానే జిల్లా కార్యాలయానికి పోయింది.

“సార్, ఇది రోజూ వేసుకోవాల్సిన మందు. పదకొండు రోజులకొకసారి పోతే ఏం లాభం?”

“మీరు నలభై ఆరుగురిని గురించి ఆలోచించుచున్నారు,” అన్నారు పరాంకుశం గారు జాలిగా. “మేము జిల్లా యావత్తును గురించి ఆలోచించుచున్నాము. ఆ నలభై ఆరుగురికే రోజూ ఇచ్చుట మిగిలిన పద్దెనిమిది లక్షల ప్రజానీకమునకు అన్యాయము కాదా?”

“వాళ్ళకి ఈ జబ్బు లేదు కదండీ.”

“లేదని మీరు సంచరించి నిర్ధారించినారా?”

నిజంగానే ఆమె పద్దెనిమిది లక్షల నాలుకలు ఎత్తి చూడలేదు.

అప్పటినుంచి రథం ఊళ్ళ మీద పడింది. గోలీ అవసరమైనవాళ్ళు అడ్డరోడ్డు దగ్గర, గోలీ చెరువుగట్ల మీద, చేపల గుంటల పక్కన, బడుల వెనక. రథం వచ్చిందంటే ఊళ్ళల్లో జనం ఓటరు కార్డులు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. సంగతి విని, కనీసం బీపీ అయినా చూడమనేవాళ్ళు. నాలుగు నిమిషాల్లో ఎంతమందికి చూస్తుంది? సగం కట్టిన బీపీ పట్టీలు విప్పుకుంటూ పరిగెత్తడమే సరిపోయేది.

నలభై ఆరుమంది కాస్తా ఇరవై అయ్యారు, ఆ తర్వాత ఏడుగురయ్యారు. మాలకొండయ్య బంకు ముందు మళ్ళీ చెప్పులు కనబడసాగాయి.

దస్తగిరి మాత్రం వదల్లేదు. ఎవరిదో పాత బైకు అడిగి తెచ్చుకున్నాడు. సిస్టరు ఫోన్ చేసి “ఇయ్యాల ఉప్పలదిన్నె మీదుగా పోతన్నాం” అని చెప్పేది. అతను అక్కడికి ఉరికేవాడు. నాలుగు నిమిషాల్లో గోలీ నాలుక కింద పెట్టించుకుని, బండి కదలగానే బైకు మీద వెంటపడేవాడు. సిస్టరు వెనక అద్దంలోంచి పది నిమిషాలు అతని మూతి వంక చూస్తూ కూర్చునేది. పది కాగానే దస్తగిరి బైకు పక్కకు తెచ్చి, గాలికి కళ్ళు మూసుకుపోతున్నా నాలుక ఎత్తి చూపించేవాడు. సిస్టరు కిటికీలోంచి అతని కార్డు అందుకుని టిక్కు కొట్టేది. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇంత శ్రద్ధగా మందు పుచ్చుకున్న మనిషిని ఆమె చూడలేదు.

యాభై ఐదో రోజున అతన్ని హైవే పోలీసు ఆపాడు.

“పేరేంది?”

దస్తగిరి నోరు తెరవలేదు. నాలుగు నిమిషాలే అయ్యాయి.

“తాగినావా?”

తల అడ్డంగా ఊపాడు.

“అయితే ఊదు దీంట్లో.”

రెండు చేతులూ జోడించి ఊదనన్నాడు. నోరు చూపించి, పది వేళ్ళూ చూపించాడు.

“పదా? పొద్దున్నే పది పెగ్గులేశావా? ఎక్కు జీపు.”

స్టేషన్‌లో కూర్చోబెట్టిన కాసేపటికి గోలీ కరిగింది. అప్పుడు దస్తగిరి లేచి నిలబడి మొట్టమొదట అడిగిన మాట ఇది: “సార్, నా నాలిక కింద ఏమన్నా ఉందేమో లైటేసి చూడండి. ఖాళీగా ఉందని కార్డు మీద రాసివ్వండి సార్, మీకు పుణ్యముంటది. లేకపోతే నాకు ఈ రోజు పోద్ది.”

హెడ్డు కానిస్టేబులు సంగతంతా విన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో దొంగల జేబులు, కార్ల డిక్కీలు చూశాడు గాని నాలుక కింద చూడ్డం అదే మొదలు. టార్చి వేసి చూసి, కార్డు మీద రాసి, స్టాంపు కూడా కొట్టాడు: ‘నాలుక క్రింద పరిశీలించితిని. ఏమియు లేదు.’

ఆ కార్డును సిస్టరు కళ్ళకద్దుకుంది. కానీ యాభై ఎనిమిదో రోజున రథం జిల్లా అటు కొసకు పోయింది, తొంభై కిలోమీటర్ల దూరం. బైకులో పెట్రోలు చాల్లేదు. యాభై తొమ్మిదో రోజున అడవి దారిలో సిగ్నలు లేదు. వరుసగా రెండు రోజులు తప్పాయి.

అరవయ్యో రోజు పొద్దున బండి డిపో నుంచి బయల్దేరి, ఉత్తర్వు ప్రకారం పోవాల్సిన ఊరికి అడ్డరోడ్డు మీదుగా పోతోంది. ఎస్తేరమ్మ కిటికీలోంచి చూసింది. మాలకొండయ్య బంకు ముందు బల్ల మీద దస్తగిరి కూర్చుని ఉన్నాడు. ముక్కు కారుతోంది, కాళ్ళు కొట్టుకుంటున్నాయి, ఒంటి మీద చొక్కా చెమటకు అతుక్కుపోయింది. మాలకొండయ్య అతనికి మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ నెమ్మదిగా చెబుతున్నాడు.

“ఎందుకురా ఈ పరుగులు? ఆ బండి ఇయ్యాల ఒక ఊరు, రేపొక ఊరు. నేనెక్కడికీ పోనుగా.”

ఆ మాట కిటికీలోంచి ఎస్తేరమ్మ చెవిన పడింది. ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. సర్కారు బండి కన్నా ఆ బంకే నమ్మకమైనదని ఆమెకే అనిపించింది, అలా అనిపించినందుకు ఒళ్ళు మండిపోయింది.

“ఆపు చెంచయ్యా!”

“నాలుగు నిమిషాలేనమ్మా.”

“నాలుగు లేదు, నలభై లేదు. ఆపు ముందు! ఆ పెట్టె ఊడదియ్యి.”

చెంచయ్య ఒక్క క్షణం ఆమె మొహం చూసి, స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. రెండు మరలు. పెట్టె చేతికొచ్చింది. చెంచయ్య బావమరిది ఒకడు ఉల్లిపాయల ఆటో తోలుతాడు. రోజుకొక దిక్కు, ఊరూరూ, వీధివీధీ. ఏ వీధిలోనూ నాలుగు నిమిషాలకు మించి నిలబడడు, నిలబడితే ఆడవాళ్ళు బేరం మొదలుపెడతారు. పోయిన ఊరికి పదకొండు రోజుల దాకా మళ్ళీ పోడు, కొన్న ఉల్లిపాయలు అయిపోవాలి కదా. ఉత్తర్వు రాసినవాడు అతన్ని చూసే రాశాడా అన్నట్టుంటుంది అతని వ్యాపారం. పెట్టెను మైకు పక్కన కట్టి, ఆటో బ్యాటరీకి వైరు తగిలించారు. ‘ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలు’ అనుకుంటూ ఉపశమన రథం బయల్దేరింది.

అసలు రథం రేకుల షెడ్డు కిందికి పోయి ఆగింది. సిస్టరు దిగి, రోడ్డు దాటి, దస్తగిరి చెయ్యి పట్టుకుని లేవదీసింది.

“తిన్నావా ఆ గోలీ?”

“లేదమ్మా. చేతిలోనే ఉంది.” అరచేయి తెరిచాడు. గోలీ చెమటకు తడిసిపోయి ఉంది. “నీ బండి కనబడకుండా ఉంటే తినేవాణ్ణి. ఒట్టు, తినేవాణ్ణి.”

“అవతల పారెయ్యి. రా.”

ఆ తర్వాతి నెల రోజులు జిల్లా చరిత్రలో సువర్ణాధ్యాయం. ఇది నా మాట కాదు, పరాంకుశం గారి నివేదికలోది. ఒకచోట కదలకుండా నిలబడిన బండి దగ్గరికి నలభై ఆరుమందీ తిరిగొచ్చారు. మళ్ళీ బెంచీల మీద నోరు మూసుకుని కూర్చున్నారు, మళ్ళీ క్వారీకి వేళకు పోయారు. నివేదికలో ఉన్నది మాత్రం ఇది కాదు. ‘రథము నిన్నటి దినమున ముప్పదియొక్క గ్రామములలో ప్రతి వీధిని, ప్రతి సందును స్పృశించినది. ఒక్క తావునందైనను అనవసరముగా నిలువలేదు.’ గుండ్లమిట్ట చుక్క రాష్ట్రానికే పచ్చటి చుక్క అయింది. మిగిలిన ఇరవై అయిదు జిల్లాలకు దీన్ని చూసి నేర్చుకోమని తాఖీదులు పోయాయి.

దొంగతనం చెయ్యడం చేతకాని మనిషికి పెద్ద చిక్కేమిటంటే, మెచ్చుకుంటే తల వాలిపోతుంది. సిస్టరు తలదించుకున్న కొద్దీ ఆమెది వినయమని పరాంకుశం గారు ఇంకా మెచ్చుకున్నారు.

దస్తగిరి ఎనభై తొమ్మిదో రోజున రథాల పథకం రాష్ట్ర సంచాలకురాలు స్వయంగా దిగింది, రథాన్ని పరుగులో చూడాలని. సిస్టరు గోలీలన్నీ ఇచ్చి ముగించేసరికి కారు పంపించారు. ఈ పూట రథంలో ఇంకో నర్సు తిరుగుతోంది కాబోలని పరాంకుశం గారు అనుకున్నారు, సిస్టరు అలాగే అనుకోనిచ్చింది. ముందు సీట్లో సంచాలకురాలు, వెనక పరాంకుశం గారు, ఆయన పక్కన ఎస్తేరమ్మ. పరాంకుశం గారు ఫోన్‌లో చుక్కను చూస్తూ దారి చెబుతున్నారు. సిస్టరు మనసులో ఇరవై మూడో కీర్తన మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు చెప్పుకుంది.

“కుడి... ఎడమ... ఇదే వీధి మేడం. చుక్క మన ఎదుటనే యున్నది.”

ఎదుట ఉల్లిపాయల ఆటో ఉంది. పావురం లేదు, చక్రాల కింద బురద ఉంది. మైకులోంచి ఆడగొంతు ఉల్లిపాయలు ఎంత ఎర్రగా ఉన్నాయో చెబుతోంది. దాని పక్కన తాడుతో కట్టిన నల్ల పెట్టె.

అందరూ దిగారు. ఆటోవాడు మైకు కట్టేశాడు. “మా బావ పెట్టుకోమన్నాడండీ. బరువేం లేదు గదా అని పెట్టుకున్నా,” అన్నాడు.

పరాంకుశం గారి మొహాన నెత్తురు చుక్క లేదు. ఎస్తేరమ్మ ముందుకొచ్చింది. ఇక దాచి లాభం లేదు.

“మేడం, తప్పు నాది. బండి అడ్డరోడ్డు కాడ ఉంది. కదిలితే ఏడుగురికి అందింది. ఆగితే నలభై ఆరుమందికి అందతంది. నెల రోజుల నుంచి ఒక్కడు తప్పలేదు. మీరొచ్చి చూడండి, వాళ్ళని అడగండి.”

సంచాలకురాలు ఆమె వంక చూడలేదు. పెట్టె వంకే చూస్తోంది.

“ఆ నిలిచియున్న వాహనము నెల రోజులలో ఎన్ని కిలోమీటర్లు తిరిగినది?”

“తిరగలేదండీ.”

“ఈ ఆటో?”

“రోజుకు నూట తొంభై దాకా,” అన్నాడు ఆటోవాడు, ఉత్సాహం తెచ్చుకుని.

సంచాలకురాలు వంగి పెట్టెను వేలితో తట్టి చూసింది. సిస్టరు సస్పెన్షన్ అనుకుంది. పరాంకుశం గారు పెన్షన్ అనుకున్నారు.

“పరాంకుశం గారూ,” అంది ఆమె చివరికి, “లక్ష్యమునకు పది కిలోమీటర్లు అధికముగా సాధించినది ఈ పెట్టె. వాహనము, నర్సు, ఔషధము ఇందులకు ఏ విధముగా దోహదపడినవి?”

పరాంకుశం గారు ఆలోచించారు. నిజాయతీగానే ఆలోచించారు. “ఏ విధముగాను దోహదపడలేదు మేడం.”

“మరి వాటిని ఇన్నాళ్ళు ఎందులకు కొనసాగించినట్లు?”

సాయంత్రానికల్లా ఉత్తర్వు చేతికొచ్చింది. గతిశీలతకు ఎట్టి దోహదమును చేయని వాహనమును మరుసటి దినము ఉదయము పది గంటల లోపు అప్పగించవలెను. పథకము పెట్టె ద్వారా యథాతథముగా కొనసాగును. ఇకపై పెట్టె యున్న చోటే చికిత్సాలయముగా భావించవలెను. నర్సును జిల్లా కార్యాలయమునకు బదిలీ చేసి, తెర యెదుట కూర్చుండబెట్టి, చుక్క ఎర్రబడిన ఎడల కారణమును నమోదు చేయు బాధ్యతను అప్పగించడమైనది. ఔషధ నిల్వలు చికిత్సాలయ బాధ్యురాలి హోదాలో ఆమె స్వాధీనముననే ఉండును. ఉల్లిపాయల ఆటోవాడికి శాలువా కప్పి ‘ఉత్తమ ఉపశమన సారథి’ అన్నారు. అతను ఆ శాలువాను ఉల్లిపాయల బస్తాల మీద కప్పుకున్నాడు, ఎండకు మొలకెత్తకుండా.

తొంభయ్యో రోజున సిస్టరు షెడ్డు కింద ఆఖరి గోలీలు ఇచ్చింది. దస్తగిరి నాలుక ఎత్తించి చూసి, టిక్కు కొట్టి, కాగితం రాసిచ్చింది. అతను దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు.

“ఒరే, ఈ కాగితం మీ ఓనరుకి,” అంది ఎస్తేరమ్మ. “గోలీ నీకు. ఇంకో ఏడాదన్నా వేసుకోవాల. ఆపావంటే ఆ బంకే గతి.”

“రేపు యాడికి రావాలమ్మా?”

నలభై అయిదుమంది ఆమె నోటి వంకే చూస్తున్నారు. ఆమె దగ్గర ఊరి పేరు లేదు. ఉత్తర్వులో ఉన్నదే చదివి వినిపించింది. పెట్టె ఎక్కడుంటే అక్కడే ఆసుపత్రి అని. పెట్టె ఆటోలో ఉందని. చదువుతుంటే తనకే సిగ్గేసింది. పదింటికి చెంచయ్య బండి తీసుకుపోయాడు.

మర్నాడు ఆరున్నరకు ఎస్తేరమ్మ జిల్లా కార్యాలయంలో, చల్లటి గదిలో, తెర ముందు కుర్చీలో కూర్చుంది. పక్కనే సీలు వేసిన గోలీల పెట్టె, దాని తాళం ఆమె మెడలో. తెర మీద చుక్క పచ్చగా కదులుతోంది. ఆరూ నలభైకి అడ్డరోడ్డు దగ్గరికొచ్చింది. ఆగింది. అయిదు నిమిషాలకు ఎర్రబడింది. కారణం ఎంచుకోమని తెర అడిగింది: ట్రాఫిక్, పంక్చరు, ఇంధనం, వాతావరణం, ఇతరములు.

ఆమె ఆటోవాడికి ఫోన్ చేసింది. “ఎందుకాపావయ్యా?”

“నేనాపలా సిస్టరమ్మా! అడ్డంగా నిలబడ్డారు. అందరూ వరసలో నిలబడి, నోళ్ళు తెరిచి, నాలికలు పైకెత్తి నిలబడ్డారు. ఉల్లిపాయలు వద్దంట. ఆసుపత్రి ఇదేగా, మందియ్యమంటన్నారు. నేనేం పెట్టేది వాళ్ళ నోట్లో?”

ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఫోన్‌లో ఇంకో గొంతు వినబడింది.

“సిస్టరమ్మా, నేను, దస్తగిరిని. లారీ ఇచ్చాడు ఓనరు. లోడుకు పదకొండింటి దాకా టయిముంది, బండి ఖాళీ. ఒక్క మాట అడగతా చెప్పు. పెట్టె యాడుంటే అదే ఆసుపత్రని నిన్న చదివావు. నిజమేనా?”

“నిజమే నాయనా. సంతకం కూడా ఉంది.”

“మందు నీ కాడ ఉందా?”

“నా కాడే ఉంది.”

“అయితే పెట్టె విప్పుకొస్తన్నా.”

కాసేపు తెర మీద చుక్క ఎర్రగానే ఉంది. తర్వాత పచ్చబడి, హైవే ఎక్కింది. నలభై కిలోమీటర్లు. ఆ చుక్క ఎక్కడా ఆగలేదు, ఏ వీధిలోకీ తిరగలేదు. జిల్లా కేంద్రం వైపు సూటిగా వస్తోంది. ఎస్తేరమ్మ చేతులు కడుక్కుంది. టార్చిలైటు వెలుగుతోందో లేదో చూసుకుంది. సీలు తెంపి, తాళం తీసింది.

ఎనిమిదింటికి పరాంకుశం గారు వచ్చారు. తెర చూసి వారి మొహం వికసించింది.

“ఆహా! ఏమి వేగము! ఏమి గతిశీలత! చికిత్సాలయము ఎచ్చటికి పోవుచున్నది ఎస్తేరమ్మ గారూ?”

“మన కాడికే వస్తంది సార్.”

ఆమె మాట పూర్తయ్యేలోగా గేటు దగ్గర పదహారు చక్రాల లారీ ఆగింది. తెర మీద చుక్క కార్యాలయం బొమ్మ మీదికొచ్చి నిలిచిపోయింది. లారీ వెనక తలుపు తెరుచుకుంది. క్వారీ దుమ్ముతో నలభై అయిదుమంది దిగి, వరండాలో బెంచీల మీద, మెట్ల మీద, ‘గతిశీలతే ప్రగతి’ అన్న బోర్డు కింద వరసగా కూర్చున్నారు. ముందు దస్తగిరి వచ్చాడు. నల్ల పెట్టెను పరాంకుశం గారి బల్ల మీద, ఆయన పేరు చెక్క పక్కన పెట్టి, పోయి తన వాళ్ళ పక్కన కూర్చున్నాడు. ఎస్తేరమ్మ ఒక కొస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి నాలుక కింద గోలీ పెట్టుకుంటూ పోయింది. ఆఖర్న దస్తగిరికి పెట్టింది.

పరాంకుశం గారు ఆమెను ఆపబోయి, పెట్టె వంక చూసి, తాము సంతకం చేసిన ఉత్తర్వు గుర్తొచ్చి ఆగిపోయారు. అప్పుడే లోపల తెర మీద చుక్క ఎర్రబడింది. టింగుమని మోగింది కూడా.

“ఎర్రబడుచున్నది! తక్షణము కదలవలెను!” అంటూ ఆయన వరండాలోకి ఉరికారు. “ఎవరు మీరందరు? ఎచ్చటివారు? ఎంతసేపు ఇచ్చట నిలిచెదరు?”

నలభై ఆరుమందీ ఆయన వంక చూశారు. ఎవరూ నోరు విప్పలేదు.

“నిన్నే, నీవు చెప్పుము!” అన్నారు దస్తగిరి మీదికి వంగి.

దస్తగిరి మర్యాదగా లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళు చూపించాడు. మళ్ళీ కూర్చున్నాడు.